పౌలీన్యో ద కోస్టా – సెషన్ తాళవాద్యకారుడి వృత్తి గురించి చర్చ

కొత్తలయ (హైదరాబాదు):

సభ్యులందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. ఇప్పుడు సినిమా పాటలకూ భక్తి ఆల్బమ్‌లకూ ఢోలక్, రిథమ్ ప్యాడ్ వాయిస్తున్నాను. అడిగినప్పుడు షేకర్, టాంబరిన్ వంటి సైడ్ రిథమ్ కూడా చేస్తాను. పోయిన నెలలో లయొనెల్ రిచీ పాడిన ‘ఆల్ నైట్ లాంగ్’ (1983) పాటను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కొక్కసారి ఒక్కొక్క వాద్యాన్ని మాత్రమే పట్టుకుంటూ పదిసార్లు విన్నాను. ఆ పాట నడకను డ్రమ్స్ ఒక్కటే మోయడం లేదనీ, దాని పక్కనే ఎడతెగకుండా సాగే చేతివాద్యాలు కూడా మోస్తున్నాయనీ ఆరోసారో ఏడోసారో గాని నాకు తెలిసిరాలేదు.

ఆ చేతివాద్యాలు వాయించినది బ్రెజిల్ దేశస్థుడైన పౌలీన్యో ద కోస్టా. మైకేల్ జాక్సన్ ‘ఆఫ్ ది వాల్’ (1979), ‘థ్రిల్లర్’ (1982), ‘బ్యాడ్’ (1987) మూడింటిలోనూ ఆయన ఉన్నారు. మడోనా ‘లా ఇస్లా బొనీటా’లో ఉన్నారు. 1985లో అమెరికా గాయకులెందరో ఆఫ్రికా కరవు బాధితుల కోసం కలిసి పాడిన ‘వియ్ ఆర్ ది వరల్డ్’లోనూ ఆయన చేతులే ఉన్నాయి. పాట తనది కాదు, బాణీ తనది కాదు, అట్ట మీద బొమ్మ తనది కాదు. ఇతరుల పాటలకు రికార్డింగులో వాయించి వెళ్ళే సెషన్ వాద్యకారుడు ఆయన. అయినా ఒక మనిషి దశాబ్దాల పాటు ఇదే పనితో ఎలా నిలబడగలిగాడు? ఈ వృత్తిలో ఉన్నవారూ, ఈ వృత్తిని దగ్గరగా చూసినవారూ చెప్పాలని నా కోరిక.

కంజీర_కాకినాడ:

కొత్తలయ గారూ, ఆయన చిన్ననాటి నుంచి మొదలుపెట్టాలి. ఆయన 1948 మే 31న రియో డి జనీరో నగరంలోని ఇరాజా అనే పేటలో పుట్టారు. మొదట చేతబట్టినది పండేరో. మన కంజీరకు అది దూరపు చుట్టం అనుకోవచ్చు. చట్రానికి చర్మం బిగించి, అంచులో బిళ్ళలు అమర్చే పద్ధతి రెండింటికీ ఒకటే. కంజీరకు సాధారణంగా ఒక జత బిళ్ళలే ఉంటాయి కాబట్టి నాదం ఎక్కువగా చర్మం మీదే ఆధారపడుతుంది. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని నొక్కి శ్రుతిని వంచుతాం. పండేరోకు అంచు చుట్టూ అనేక జతల బిళ్ళలు ఉంటాయి, మోగిన వెంటనే నాదం ఆగిపోయేలా వాటిని గుంటగా వంచుతారు. వాయించేవాడు బొటనవేలు, వేళ్ళ కొసలు, అరచేతి మడమ వరుసగా తిప్పుతూ, ఒకే చేతితో కింది స్థాయి గుమ్ముమనే దెబ్బనూ, పైస్థాయి గలగలనూ, మధ్యలోని చరుపునూ పలికిస్తాడు. అంటే ఒక చిన్న వాద్యంలోనే డ్రమ్స్ వరుస అంతా ఇమిడి ఉంటుంది. చిన్న వయసులో దీన్ని పట్టుకున్న పిల్లవాడికి, ఏ దెబ్బ ఏ పొరలో ఉండాలో ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

రెండోది ఆయనకు దొరికిన బడి. 1923లో మొదలైన పోర్తెలా అనే సాంబా బృందంలో ఆయన పిల్లవాడిగా వాయించారు. సాంబా బృందంలో వందల మంది వాద్యకారులు ఒకేసారి నడుస్తూ వాయిస్తారు. సుర్దో అనే పెద్ద డోలు వాయించేవాడికి ఒకటే పని, టాంబోరిం అనే చిన్న వాద్యం వాయించేవాడికి మరొక చిన్న పని. తనకు తెలిసినదంతా వాయిస్తే అక్కడ చెల్లదు, తన వంతు మాత్రమే వాయించాలి. మన కచేరీలో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) వచ్చేదాకా ఎదురుచూసే అలవాటుతో పెరిగిన మనకు ఈ శిక్షణ తక్కువ. నా మాటగా తీసుకోండి, ఆయన వృత్తి మొత్తానికి పునాది ఇదే.

టొరాన్స్_తెలుగు:

నేను లాస్ ఏంజిలస్ పక్కనే ఉంటాను. ఇక్కడి స్టూడియోలలో పియానో శ్రుతి చేసే పని కొన్నేళ్ళు చేశాను కాబట్టి ఇక్కడి పద్ధతి కొంత చెప్పగలను.

ఆయన 1970ల తొలినాళ్ళలో సెర్జియో మెండెస్ బృందమైన ‘బ్రెజిల్ 77’లో వాయించడానికి ఈ నగరానికి వచ్చారు. మెండెస్ 2024లో కన్నుమూశారు. బ్రెజిల్ సంగీతాన్ని అమెరికా ఇళ్ళలోకి తెచ్చినవారిలో ఆయనది ముందు వరుస. తరువాత డిజ్జీ గిలెస్పీ వంటి జాజ్ దిగ్గజాలతో పౌలీన్యోకు పరిచయమైంది. నార్మన్ గ్రాన్జ్ నడిపిన పాబ్లో రికార్డుల సంస్థ పౌలీన్యో సొంత ఆల్బమ్ ‘అగోరా’ను 1977లో తెచ్చింది. అదే ఏడాది వచ్చిన ఎర్త్, విండ్ అండ్ ఫైర్ ఆల్బమ్ ‘ఆల్ ఎన్ ఆల్’లో కూడా ఆయన వాయించారు. సొంత పేరుతో నిలదొక్కుకోగలిగిన మనిషి, ఇతరుల పాటలకు వాయించడాన్నే ప్రధాన వృత్తిగా ఎంచుకున్నారని గమనించండి.

ఇక పని జరిగే తీరు. సెషన్ తాళవాద్యకారుడికి తరచుగా పాట దాదాపు పూర్తయ్యాకే పిలుపు వస్తుంది. డ్రమ్స్, బేస్, కీబోర్డు, కొన్నిసార్లు గాత్రం కూడా అప్పటికే టేపు మీద ఉంటాయి. వాద్యకారుడు ఇంటి నుంచి రాకముందే ఆయన వాద్యాల పెట్టెలు వస్తాయి. వాద్యాలను గోదాము నుంచి స్టూడియోకు చేర్చి, అమర్చి, తిరిగి తీసుకుపోవడమే పనిగా ఇక్కడ ప్రత్యేక రవాణా సంస్థలు ఉన్నాయి, ఆ ఖర్చు పిలిపించినవారే భరిస్తారు. పౌలీన్యో దగ్గర రెండు వందలకు పైగా వాద్యాలు ఉన్నాయని చెబుతారు. కాంగాలు, బాంగోలు, కుయీకా, బెరింబావ్, కాషిషి, అగొగో గంటలు, గింజలు నింపిన సొరకాయ బుర్రలు, పేరు కూడా లేని చెక్కముక్కలు అందులో ఉంటాయి. మూడు గంటల సెషన్‌ను ఒక కొలతగా తీసుకుని సంగీతకారుల సంఘం కనీస వేతనం నిర్ణయిస్తుంది. ఒకే సెషన్‌లో ఒకటి కంటే ఎక్కువ వాద్యాలు వాయిస్తే అదనపు రుసుము ఉంటుంది. ఎక్కువ గిరాకీ ఉన్నవారు కనీస వేతనానికి రెట్టింపు కూడా అడగగలరు.

పాత_కాల్షీట్ (చెన్నై):

టొరాన్స్ గారి మాటలు చదువుతుంటే మా రోజులు గుర్తుకొచ్చాయి. నేను 1970ల చివరి నుంచి మద్రాసు రికార్డింగు థియేటర్లలో తబలా, ఢోలక్, ఆపైన టుంబా వాయించాను. కాంగాను మేమంతా టుంబా అనేవాళ్ళం. అప్పట్లో తెలుగు పాటలు కూడా ఎక్కువగా అక్కడే రికార్డయ్యేవి. ఉదయం ఒక కాల్షీటు (ఒక విడత పని), మధ్యాహ్నం ఒక కాల్షీటు. మాకు పాట పూర్తయ్యాక పిలుపు రావడం అనేదే లేదు. గాయకులు, వయొలిన్లు, వీణ, వేణువు, మేము, అందరం ఒకే హాలులో, ఒకే టేకులో వాయించేవాళ్ళం.

ఒక సంఘటన చెప్పాలి. ఒక పాటలో నాకు రెండో చరణం తరువాత మొరాకస్ (గింజలు నింపిన బుర్రలు) పట్టుకుని ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళావృత్తాలు, మాత్రమే ఊపే పని ఇచ్చారు. మిగతా నాలుగు నిమిషాలు ఊరికే నిలబడి ఉండాలి. పదకొండో టేకులో గాయని అద్భుతంగా పాడారు, వయొలిన్లు ఒక్క మాటగా పలికాయి, నేను ఒక్క బారు ముందే మొదలుపెట్టాను. వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ చేయి దింపేశారు. నలభై మంది మళ్ళీ మొదటి నుంచి వాయించాల్సి వచ్చింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఆ రోజు నాకు ఇప్పటికీ మరపు రాదు. వాయించే ఎనిమిది బార్లకే కాక, వాయించని నాలుగు నిమిషాలకు కూడా నాకు డబ్బిస్తున్నారని అప్పుడు అర్థమైంది. ఆ నాలుగు నిమిషాలూ లోపల లెక్క నడుస్తూనే ఉండాలి.

వినికిడి (విశాఖపట్నం):

నేను వాద్యకారుణ్ణి కాదు, రికార్డులు సేకరించేవాణ్ణి. ‘థ్రిల్లర్’ మొదటి పాట ‘వానా బి స్టార్టిన్ సంథింగ్’ వివరాలలో పౌలీన్యో పేరు పక్కనే ఒక విచిత్రమైన వాద్యం పేరు కనిపిస్తుంది. ‘బాత్‌రూమ్ స్టాంప్ బోర్డ్’, అంటే చెక్కబల్లను కాలితో తొక్కిన శబ్దం అది. తొక్కినవారిలో మైకేల్ జాక్సన్ కూడా ఉన్నారు. పాటకు కావలసిన శబ్దం ఏ వస్తువులో దొరికితే ఆ వస్తువే వాద్యం అవుతుందన్న మాట.

ఒక సందేహం. 1980లో లిన్ ఎల్ఎం-1, రోలాండ్ టీఆర్-808 డ్రమ్ యంత్రాలు రెండూ వచ్చాయి. డ్రమ్మర్లు పని పోతుందని భయపడ్డ కాలం అది. సరిగ్గా అదే దశకంలో పౌలీన్యో గారికి పని పెరిగింది. అమెరికా రికార్డింగు అకాడమీ ఆయనకు వరుసగా మూడేళ్ళు అత్యంత విలువైన వాద్యకారుడి పురస్కారం ఇచ్చింది కూడా. యంత్రం ఒకరిని తీసివేసి, ఇంకొకరిని ఎందుకు పిలిపించింది?

పాత_కాల్షీట్:

యంత్రానికి ఊపిరి లేదు కాబట్టి. కవిత్వంగా అనడం లేదు, వాయించిన అనుభవంతో చెబుతున్నాను. షేకర్‌ను ముందుకు తోసినప్పుడు గింజలు ఒక గోడకు తగులుతాయి, వెనక్కి లాగినప్పుడు ఇంకో గోడకు. ముందుకు వెళ్ళే శబ్దమూ వెనక్కి వచ్చే శబ్దమూ ఎప్పుడూ ఒకటిగా ఉండవు. బారుకు పదహారు ఊపులు ఉంటే ఆ పదహారూ పదహారు రకాలు. యంత్రం కొట్టే కిక్, స్నేర్ డ్రమ్ దెబ్బలు ఒకే చోట, ఒకే బరువుతో పడుతుంటే, వాటి చుట్టూ ఈ చేతి ఊపు తిరిగితే వినేవాడి చెవి యంత్రాన్ని మరచిపోతుంది. యంత్రం ఎంత కచ్చితంగా ఉంటే, దాని మీద వాయించే మనిషి చేయి అంతగా కావలసి వస్తుంది.

డప్పు_పాలమూరు:

పెద్దలందరూ స్టూడియో లోపలి మాటలు చెబుతున్నారు. నాది బయటి నుంచి లోపలికి వెళ్ళిన అనుభవం. మాది డప్పు వాయించే కుటుంబం. మంట దగ్గర డప్పు కాచి, చర్మం బిగిసి, కణకణమని పలికేదాకా చూసి అప్పుడు భుజానికి తగిలించుకోవడం మా తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. కొన్నేళ్ళ క్రితం ఒకరు మమ్మల్ని నగరానికి పిలిపించారు. ఎయిర్ కండిషన్ గదిలో డప్పు చల్లబడి శబ్దం దిగిపోతుంటే, బయటికి వెళ్ళి కాగితాలు కాల్చి మళ్ళీ కాచుకుని వచ్చేవాళ్ళం. ఒక రోజంతా క్లిక్ (వేగం చూపే టక్‌టక్ శబ్దం) వినిపించి, రకరకాల వేగాలలో ఒంటి దెబ్బ, జంట దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా వాయించమన్నారు. పాట ఏది అని అడిగితే తరువాత చెబుతామన్నారు. ఒక రోజు కూలి ఇచ్చారు.

ఆ తరువాత మూడు నాలుగు పాటలలో నా దెబ్బ నాకే వినిపించింది. పుల్ల అంచుకు తగిలి చిన్నగా చిటపటమనే తీరు నా చేతిది, దాన్ని నేను గుర్తుపట్టలేకపోను. పేరు లేదు, మళ్ళీ పిలుపు లేదు. ఎవరి మీదా నేరం మోపడానికి చెప్పడం లేదు. కాగితం చదవకుండా వేలిముద్ర వేసినవాణ్ణి నేనే. అయితే పౌలీన్యో గారికి మూడు గంటల లెక్క, పెట్టెల రవాణా ఖర్చు, రెండో వాద్యానికి అదనపు రుసుము ఉన్నాయని చదివితే, ఆ దేశంలో ఎవరో ఎప్పుడో కూర్చుని ఈ నియమాలు రాసుకున్నారని తెలిసింది. మాకు ఎవరు రాస్తారు?

టొరాన్స్_తెలుగు:

డప్పు గారూ, మీ ప్రశ్నకు నేరుగా జవాబు నా దగ్గర లేకపోయినా, ఇక్కడి లెక్క ఇంకొంచెం వివరంగా చెబుతాను. అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, ఉపగ్రహ రేడియో వంటి డిజిటల్ ప్రసారాల మీద వచ్చే రాయల్టీని చట్టమే పంచుతుంది. 50 శాతం రికార్డింగు హక్కుదారుకు, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 2.5 శాతం సెషన్ వాద్యకారులకు, 2.5 శాతం వెనుక పాడే గాయకులకు. ఈ చివరి రెండు భాగాలూ ఒక ప్రత్యేక నిధి ద్వారా పంచుతారు. రెండున్నర శాతం తక్కువే. కాని అది దానం కాదు, హక్కు. సాధారణ ఎఫ్ఎం రేడియోలో పాట వేసినందుకు మాత్రం ఇక్కడ ప్రధాన గాయకుడికి కూడా రికార్డింగు మీద ఏమీ రాదు; అది ఈ దేశపు చట్టంలోని పెద్ద లోటు.

భారతదేశంలో 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, ప్రదర్శనకారులకు తమ ప్రదర్శనను వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు ఉందని చెబుతుంది. గాయకులు సంఘంగా ఏర్పడి దాని మీద పోరాడారు. సైడ్ రిథమ్ వాయించినవాడి దాకా ఆ మాట చేరాలంటే ముందు అతడు ఆ పాటలో ఉన్నాడని ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. పేరు వేయడం మర్యాద మాత్రమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి డబ్బు అందడానికి ఆధారం కూడా అదే.

వినికిడి:

పేరు సంగతి వచ్చింది కాబట్టి డెట్రాయిట్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆ ఊరి మోటౌన్ రికార్డుల సంస్థ 1960లలో విడుదల చేసిన పాటలలో జాక్ ఆష్‌ఫర్డ్ టాంబరిన్, ఎడ్డీ బ్రౌన్ కాంగా, బాంగోలు ప్రపంచమంతా విన్నది. ఆ పాటల అట్టల మీద వాళ్ళ పేర్లు ఉండేవి కావు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ వచ్చినప్పుడు గాని అట్ట మీద వాద్యకారుల పేర్లు అచ్చు కాలేదు. మరుసటి ఏడాదే సంస్థ లాస్ ఏంజిలస్‌కు తరలిపోయింది. 2002లో వారి మీద డాక్యుమెంటరీ చిత్రం వచ్చేనాటికి వారిలో చాలామంది లేరు, ఎడ్డీ బ్రౌన్ కూడా లేరు. ఆష్‌ఫర్డ్ టాంబరిన్‌ను ఒక్కసారి విడిగా పట్టుకుని వినండి. ఆ చిన్న వాద్యం మీద పాట మొత్తం ఊగుతుంది.

మన దగ్గరా ఇదే కథ. బొంబాయిలో లార్డ్ అనే వాద్యకారుల కుటుంబం ఉంది. తండ్రి కావస్ లార్డ్, కొడుకులు కెర్సీ, బర్జోర్. హిందీ పాటలకు లాటిన్ తాళవాద్యాలను అలవాటు చేసినవారిలో తండ్రి ఒకరు. కెర్సీ 2016లో కన్నుమూసినప్పుడు, ఆయన వాయించిన పాటలు నోటికి వచ్చినవారికి సైతం ఆయన పేరు కొత్తగా వినిపించింది.

కంజీర_కాకినాడ:

వినికిడి గారితో పూర్తిగా ఏకీభవిస్తూనే ఒక మాట. పేరు రావడానికి ఇంకో దారి కూడా ఉంది, వేదిక. ఇంగ్లండుకు చెందిన రే కూపర్ 1974లో పియానో వాయిస్తూ పాడే ఎల్టన్ జాన్ బృందంలో చేరారు. 1979లో వారిద్దరు మాత్రమే కలిసి సోవియట్ యూనియన్‌లో కచేరీలు చేశారు. పియానో, ఆయన తాళవాద్యాలు, అంతే. కూపర్ టాంబరిన్ కొట్టే తీరు చూడటానికే జనం వచ్చేవారు. మన దగ్గర డ్రమ్స్ వాయించే శివమణి గారు కూడా మద్రాసు రికార్డింగు గదుల నుంచి వేదిక మీదికి వచ్చి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. కనుక కొత్తలయ గారికి నా సలహా, రికార్డింగుతో పాటు వేదికను కూడా వదలవద్దు.

పాత_కాల్షీట్:

కంజీర గారి సలహా మంచిదే గాని, అది వేరే వృత్తి. వేదిక మీద చేయి కనబడాలి, స్టూడియోలో చేయి పాటలో కలిసిపోవాలి. రెండూ చేయగలిగినవారు ఉన్నారు, వారికి నమస్కారం. నేను చూసిన ప్రతిభావంతులలో చాలామంది వేదిక అలవాటును గదిలోకి తెచ్చి పని పోగొట్టుకున్నారు.

కొత్తలయ గారూ, మీకు పాట ఇచ్చినప్పుడు ముందు వాద్యం ముట్టుకోకండి. ఒకసారి గాయకుడిని మాత్రమే వినండి. మాట ఎక్కడ ఆగుతుంది, ఊపిరి ఎక్కడ తీస్తారు, హల్లులు ఎక్కడ గట్టిగా పడతాయి. ‘స’, ‘శ’ ఎక్కువ ఉన్న పల్లవిలో షేకర్ వేస్తే మాట మాసిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకే పైస్థాయిలో ఉంటాయి. అలాంటిచోట టుంబా గాని, చెక్క శబ్దం గాని వేయాలి. రెండోసారి హై-హ్యాట్‌ను (డ్రమ్స్‌లోని జోడు తాళాలను) మాత్రమే వినండి. అది ముందుకు తోస్తుంటే మీరు వెనక్కి పట్టాలి, అది బద్ధకంగా ఉంటే మీరు తోయాలి. మూడోసారి ఖాళీని వినండి. అప్పుడు పెట్టె తెరవండి. మైక్ దగ్గరగా పెట్టించుకోకండి. షేకర్‌ను మైక్ నుంచి మూడు నాలుగు అడుగుల దూరంలో ఊపితే గది గాలి కూడా కలిసి, శబ్దం గుచ్చుకోకుండా పాటలో కూర్చుంటుంది. వేళ్ళకు ఉంగరాలు, చేతికి గడియారం ఉంటే తీసి జేబులో కాకుండా బల్ల మీద పెట్టండి. జేబులో నాణేలు కూడా మోగుతాయి.

డప్పు_పాలమూరు:

డప్పు మైక్ కూడా దూరంగానే పెట్టాలి. మాకు ఆ రోజు అరచేయి దూరంలో పెట్టారు. డప్పు ఊరి చివర నుంచి వినిపించడానికి పుట్టిన వాద్యం.

కొత్తలయ:

పది రోజుల తరువాత రాస్తున్నాను. మొన్న ఒక పాటకు పిలిచారు. క్లిక్ వేగం నిమిషానికి 92. డ్రమ్స్ అంతా కంప్యూటర్ ప్రోగ్రామింగ్, దాని మీద శబ్దాల లైబ్రరీ నుంచి తీసిన షేకర్ లూప్ (మళ్ళీమళ్ళీ తిరిగే ముక్క) అప్పటికే ఉంది. పాత_కాల్షీట్ గారు చెప్పినట్టు మూడుసార్లు వాద్యం ముట్టుకోకుండా విన్నాను. సంగీత దర్శకుడికి కొంచెం అసహనం కలిగింది గాని ఊరుకున్నారు. ఆ లూప్‌ను ఒక్కసారి తీసి వినిపించమని అడిగాను. తీసేసరికి గాయని మాట స్పష్టమైంది. పల్లవిలో ఏమీ వేయవద్దని నేనే చెప్పాను. చరణాలకు కంజీరను శ్రుతి దించి, బిళ్ళకు చిన్న గుడ్డముక్క అడ్డుపెట్టి, పండేరో తీరులో బొటనవేలు, మడమ తిప్పుతూ వాయించాను. రెండు గంటలు పట్టింది. మిక్సింగు తరువాత విన్నాను. అందులో నాలుగు బార్లు మాత్రమే ఉంచారు. వెళ్ళేముందు నా పేరు, వాయించిన వాద్యం పేరు రాసుకోమని అడిగాను, రాసుకున్నారు.

పాత_కాల్షీట్:

ఆ నాలుగు బార్లూ ఎక్కడ ఉంచారు?

కొత్తలయ:

రెండో చరణం అయిపోయి, గాయని ఊపిరి తీసుకుని మళ్ళీ పల్లవి ఎత్తుకునే ముందు. అక్కడ ఇంకేమీ లేదండీ, కంజీర ఒక్కటే ఉంది.